బెల్టు చెబుతూనే ఉంటుంది, వినేదెవరు?

అరకు అనగానే మనలో చాలామందికి కిరండూల్ పాసింజర్‌లో కిటికీ సీటు, బొర్రా గుహలు, బొంగు చికెన్, కాఫీ గుర్తొస్తాయి. ఫస్టియర్‌లో ఒకసారి, ఫైనలియర్‌లో ఒకసారి తప్పకుండా వెళ్తాం. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ బోగీ అంతా అరుస్తాం. మధ్యలో ఏదో స్టేషన్‌లో బండి ఆగిపోతుంది. ఎర్రటి ధూళి పట్టిన గూడ్స్ బండి ఎదురుగా వచ్చి వెళ్లేదాకా కదలదు. అందరం విసుక్కుంటాం. నిజానికి ఆ లైన్ మన కోసం వేసింది కాదు, ఆ గూడ్స్ కోసమే వేసింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు దించి జపాన్‌కు పంపడానికి 1960లలో కొండలు తొలిచి వేసిన దారి అది. మనం మధ్యలో ఎక్కిన చుట్టాలం.

మరి ఆ ఖనిజాన్ని రైలెక్కే ముందూ, రైలు దిగాకా మోసేది ఎవరు? కన్వేయర్ బెల్టు. గని దగ్గర అదే, పోర్టులో అదే, స్టీల్ ప్లాంట్‌లో అదే, థర్మల్ స్టేషన్‌లో అదే. మనం రోజూ వాడే ఇనుము, అల్యూమినియం, సిమెంటు, కరెంటు అన్నీ ఎక్కడో ఒకచోట రబ్బరు బెల్టు మీద ప్రయాణం చేసి వచ్చినవే. కథలూ కవితల మధ్యలో ఈ బెల్టు గోలేంటని సంపాదకవర్గం అడగలేదు కాబట్టి బతికిపోయాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బెల్టు ఎప్పుడు పాడవుతుందో ముందుగా చెప్పే విద్య కంప్యూటర్‌తో మొదలవదు. కొలిచే చెయ్యి, వినే చెవి, రాసిపెట్టే పుస్తకం, ఆపమంటే ఆపే అధికారి, ఈ నాలుగూ ఉన్న చోటే కంప్యూటర్‌కు పని ఉంటుంది. అవి లేని చోట ఎంత గొప్ప మోడల్ పెట్టినా అది చిలక జోస్యమే. మన ప్రాజెక్టుల్లో ఎక్కువభాగం చిలకను కొనడంతోనే ఆగిపోతున్నాయి.

కొండ మీద 14.6 కిలోమీటర్లు

అరకు దాటి అదే లైన్‌లో ఒడిశాలోకి వెళ్తే కోరాపుట్ వస్తుంది. దామన్‌జోడి ఆ జిల్లాలోనే ఉంది. నాల్కో అల్యూమినా రిఫైనరీ అక్కడే. దానికి బాక్సైట్ ఇచ్చే గని పంచపట్‌మాలి కొండ నెత్తి మీద, సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైన ఉంది. 1985 నవంబర్ నుంచి ఆ గని నడుస్తోంది. కొండ మీది నుంచి రిఫైనరీకి ఖనిజాన్ని తెచ్చేది 14.6 కిలోమీటర్ల కన్వేయర్. మధ్యలో ఎక్కడా ఒక బెల్టు మీంచి ఇంకో బెల్టు మీదికి పోయకుండా, కొండల వంపులకు తగ్గట్టు తాను కూడా వంపులు తిరుగుతూ ఒకటే పరుగు. దాని సామర్థ్యం గంటకు 1,800 టన్నులు. అంటే నిమిషానికి 30 టన్నులు, పది టన్నుల లారీలు మూడు. అది గంటసేపు ఆగితే 180 లారీల సరుకు కొండ మీదే ఉండిపోయినట్టు.

అది మామూలు బెల్టు కాదు, కేబుల్ బెల్టు. తేడా అర్థం కావాలంటే మన్యంలో రోగిని మోసుకొచ్చే డోలీని గుర్తు తెచ్చుకోండి. (రోడ్డు లేని ఊళ్ల నుంచి ఇప్పటికీ అలా మోసుకొస్తూనే ఉన్నారు, అది వేరే వ్యాసం.) డోలీలో బరువంతా భుజాల మీది కర్ర మోస్తుంది, గుడ్డ మనిషిని పట్టుకుని ఉంటుందంతే. కేబుల్ బెల్టులో కూడా లాగే పని రెండు పక్కలా ఉన్న ఉక్కు తాళ్లది. బెల్టు వాటి మీద కూర్చుని సరుకును పట్టుకుంటుంది. మామూలు కన్వేయర్‌లో అలా కాదు. లాగుడు బలమూ బెల్టుదే, మోసే పనీ బెల్టుదే. అందుకే మామూలు బెల్టు దగ్గర మనం రబ్బరు మందం, జాయింట్ల బలం చూసుకుంటే, కేబుల్ బెల్టు దగ్గర వాటితో పాటు తాళ్ల ఆయుష్షు పెద్ద లెక్క అవుతుంది. తాడు లోపల పోగులు తెగుతుంటే పైకి కనపడదు. రోప్‌వేల తాళ్లకు చేసినట్టే దీనికీ అయస్కాంత పరీక్ష చేయాలి. తాడును మోసే చక్రాలు ఒక్కొక్కటీ తిరుగుతోందో లేదో చూడాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని వోర్స్‌లీ రిఫైనరీకి కూడా బాక్సైట్ ఇలాంటి కేబుల్ బెల్టుల మీదే 50 కిలోమీటర్ల దూరం వస్తుంది. అంటే ఇది మన కొండల్లో ఉన్న ప్రపంచస్థాయి సమస్య. మన సిలబస్‌లో మాత్రం ‘మెటీరియల్ హ్యాండ్లింగ్’ ఎలక్టివ్‌లో ఒక బొమ్మ, నాలుగు మార్కులు.

ఇక్కడ ఒకమాట దాటవేయకూడదు. ఈ కొండల్లో బాక్సైట్ అనగానే అందరి మనసూ ఒకలా ఉండదు. మన వైపు కొండల్లోనూ బాక్సైట్ ఉంది. 1997 నాటి సమత తీర్పు, ఆ తర్వాత గిరిజనుల వ్యతిరేకత వల్ల అది ఇంకా కొండల్లోనే ఉంది. ఒడిశాలోని నియమగిరిలో 2013లో 12 గ్రామసభలు వరసగా వద్దని చెప్పాయి. తవ్వాలా వద్దా అన్నది ఆ కొండల్లో ఉండేవాళ్లు తేల్చాల్సిన ప్రశ్న. నేను మాట్లాడుతున్నది ఇప్పటికే తిరుగుతున్న బెల్టుల గురించి. వాటిని సరిగ్గా చూసుకోకపోతే నష్టం కంపెనీకి ఒక్కదానికే కాదు. పక్కకు జారిన బెల్టు నుంచి ఒలికిన మట్టి వానకు కొట్టుకుపోయి పల్లంలోకి చేరుతుంది. ధూళి పక్క ఊరి పెరట్లో పడుతుంది. పొరుగువాడి మీద చెత్త వెయ్యకపోవడం కూడా మెయింటెనెన్సే.

అరుగుదలకు లెక్క ఉంది

మామూలు బెల్టునే తీసుకుందాం, మనకు అందుబాటులో ఉండేది అదే కాబట్టి. బెల్టును అడ్డంగా కోసి చూస్తే మూడు పొరలు కనపడతాయి. పైన రబ్బరు కవరు, మధ్యలో బలాన్నిచ్చే గుడ్డ పొరలో ఉక్కు తీగలో, కింద ఇంకో రబ్బరు కవరు. పై కవరు చెప్పు అట్ట లాంటిది, అరగడానికే ఉంది. అది పూర్తిగా అరిగి లోపలి తీగ బయటపడితే మాత్రం కథ మారిపోతుంది. నీరు లోపలికి దిగి తీగ తుప్పు పడుతుంది, బలం పోతుంది.

ఎక్కువగా అరిగేది సరుకు పడే చోట. పైనుంచి పడ్డ రాయికి బెల్టు వేగం వెంటనే రాదు. ఆ వేగం అందుకునేదాకా బెల్టు మీద జారుతూ, గీసుకుంటూ ఉంటుంది. కదిలే బస్సు ఎక్కినవాడు తూలినట్టు. రాయి ఎంత ఎత్తు నుంచి పడుతోంది, ఎంత పదునుగా ఉంది, ఏ దిశలో పడుతోంది అన్నదాన్ని బట్టి అరుగుదల మారుతుంది. ఇది గుర్తుంటే ఒక చిన్న సంగతి తెలుస్తుంది: కొత్త బెల్టు కొనేకన్నా, సరుకు దించే చూట్ వాలు సరిచేస్తే ఎక్కువ లాభం ఉండొచ్చు.

ఇక కొలత. అల్ట్రాసోనిక్ థిక్‌నెస్ గేజ్‌తో బెల్టును కొయ్యకుండానే మందం తెలుసుకోవచ్చు. కష్టం కొలవడంలో కాదు, ప్రతిసారీ అవే చోట్ల కొలవడంలో ఉంది. కొలిచాక ఆ అరుగుదలను నెలలతో కాక టన్నులతో భాగించాలి. బెల్టుకు క్యాలెండర్ తెలియదు, బరువే తెలుసు. నెలంతా ఆగి ఉన్న బెల్టు సరుకు వల్ల అరగదు.

లెక్క కోసం ఒక బెల్టును ఊహించుకుందాం. కొత్తలో పై కవరు 8 మిల్లీమీటర్లు. 20 లక్షల టన్నులు మోశాక వెడల్పు పొడవునా తొమ్మిది చోట్ల కొలిస్తే సగటు 7 వచ్చింది. అంటే 10 లక్షల టన్నులకు అర మిల్లీమీటరు. 2 మిల్లీమీటర్లు మిగిలేసరికి మార్చేయాలని పెట్టుకున్నాం. ఇంకా 5 మిల్లీమీటర్లు ఉంది, అంటే కోటి టన్నులు. నెలకు రెండున్నర లక్షల టన్నులు మోస్తే 40 నెలలు. మూడేళ్ల పైమాట. ఇంకేం, ఫైలు మూసేయొచ్చు.

కానీ ఆ తొమ్మిదింటిలో మధ్య కొలత 6 ఉందనుకోండి. సరుకు పడేది మధ్యలోనే కాబట్టి అలా ఉండటమే సహజం. అక్కడ 10 లక్షల టన్నులకు 1 మిల్లీమీటరు పోతోంది. మిగిలింది 4. అంటే 40 లక్షల టన్నులు, 16 నెలలు. అదే బెల్టు, అదే కొలత, అదే రోజు. సగటు చూసినవాడు 40 నెలలంటాడు, తక్కువ కొలత చూసినవాడు 16 నెలలంటాడు. బెల్టు మాత్రం సగటున తెగదు, బలహీనంగా ఉన్న చోటే తెగుతుంది. ఏటి లోతు సగటున మోకాలి లోతే కదా అని దిగినవాడు మునిగిపోవచ్చు. ఇదీ అంతే.

ఇప్పుడు ఆ 16 నెలలను మన కొండల వాతావరణంలో పెట్టి చూడండి. మార్చిలో కొలిచాం అనుకుంటే 16 నెలలకు వచ్చే ఏడాది జూలై వస్తుంది. తూర్పు కనుమల్లో జూలై అంటే వాన, మంచు, బురద. బెల్టు జాయింటును వేడిపెట్టి అతికించే పనికి పొడి చోటు, శుభ్రమైన రబ్బరు, తొందరపెట్టని సమయం కావాలి. వర్షంలో టార్పాలిన్ కింద చేసిన జాయింటు కన్నా ఎండలో చేసిన జాయింటును నమ్మొచ్చు. కాబట్టి మార్చాల్సింది జూలైలో కాదు, ఏప్రిల్‌లో. ఆర్డరు ఇచ్చాక బెల్టు రావడానికి ఆరు నెలలు పడుతుందనుకుంటే ఆర్డరు ఈ అక్టోబర్‌లోనే వెళ్లాలి. ఆ అక్టోబర్‌లో బెల్టు చూడ్డానికి బాగానే ఉంటుంది. ‘బాగున్న బెల్టుకు డబ్బెందుకు?’ అని అకౌంట్స్‌వాళ్లు అడుగుతారు. అప్పుడు వాళ్ల ముందు పెట్టడానికి కాగితం మీద కొలతలు ఉండాలి. ముందుచూపు అంటే భవిష్యత్తును చెప్పడం ఒక్కటే కాదు, బాగున్నప్పుడే డబ్బు అడిగి ఒప్పించగలగడం.

అన్నిటికీ లెక్క లేదు

ఇక్కడే ఒక తేడా తెలుసుకోవాలి. అరుగుదలకు లెక్క ఉంది. చీలికకు లేదు. సరుకులో కొట్టుకొచ్చిన ఇనుప ముక్క ఒకటి చూట్‌లో ఇరుక్కుని బెల్టులో దిగిందంటే, బెల్టు కదిలినంత మేరా కత్తితో కోసినట్టు చీలిపోతుంది. సెకనుకు 4 మీటర్ల వేగంతో పోయే బెల్టు కిలోమీటరు చీలడానికి 250 సెకన్లు చాలు. టీ చల్లారేలోగా అయిపోతుంది. దాన్ని ముందుగా ఊహించడం కుదరదు. అయస్కాంతం పెట్టి ఇనుప ముక్కను ముందే ఏరేయాలి, చీలిక మొదలవగానే మోటారు ఆపే సెన్సర్లు పెట్టాలి.

విమానాల విషయంలో ఈ తేడా ఎప్పుడో తేలింది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన నోలాన్, హీప్ అనే ఇద్దరు 1978లో అమెరికా రక్షణ శాఖకు ఒక నివేదిక ఇచ్చారు. వాళ్లు పరిశీలించిన విమాన భాగాల్లో వయసు పెరిగేకొద్దీ పాడయ్యే లక్షణం కనిపించింది 11 శాతానికే. మిగతావాటిని ‘ఇన్ని గంటలకోసారి మార్చేయాలి’ అని పెట్టుకున్నా పెద్దగా ఉపయోగం లేదు. బెల్టు కవరు ఆ 11 శాతం లాంటిది. ఇనుప ముక్క మిగతా 89 లాంటిది. రెండింటినీ ఒకే మోడల్‌లో వేసి ‘బెల్టు ఫెయిల్యూర్’ అని పేరు పెట్టడం జలుబునీ రోడ్డు ప్రమాదాన్నీ ఒకే మాత్రతో నయం చేస్తాననడమే.

98 శాతం జోస్యం

ఇక మన ప్రాజెక్టుల సంగతికొద్దాం. ‘మెషిన్ లెర్నింగ్‌తో కన్వేయర్ బెల్టు ప్రిడిక్టివ్ మెయింటెనెన్స్’ అనే టైటిల్ ఏ కాలేజీ లైబ్రరీలో వెతికినా ఒకటైనా దొరుకుతుంది. నెట్‌లో దొరికిన డేటా, నెట్‌లో దొరికిన కోడ్, చివర్లో రంగురంగుల గ్రాఫ్, ‘యాక్యురసీ 98 శాతం’. వైవాలో చప్పట్లు.

ఆ 98 వెనక ఏముందో చూద్దాం. 1000 రోజుల రికార్డు ఉందనుకోండి. అందులో బెల్టు ఇబ్బంది పెట్టింది 20 రోజులు. ఇప్పుడు నేనొక మోడల్ రాస్తాను. ఒకటే లైను: ‘ఈరోజు ఏమీ కాదు’. ప్రతిరోజూ అదే చెబుతుంది. 980 రోజులు కరెక్టు. యాక్యురసీ 98 శాతం! ఒక్క ప్రమాదాన్నీ పట్టుకోలేదు, కానీ మార్కులు వచ్చేశాయి. ఊళ్లో ఎవరు చెయ్యి చాపినా ‘నీకు ఈరోజు ప్రాణగండం లేదు’ అని చెప్పే సోదమ్మ కూడా ఇంతకన్నా ఎక్కువ శాతమే తెచ్చుకుంటుంది. అడగాల్సింది వేరే ప్రశ్న: ఆ 20లో ఎన్నింటిని ముందే పట్టుకున్నావు, ఎన్ని రోజుల ముందు పట్టుకున్నావు, ఎన్నిసార్లు ఊరికే భయపెట్టావు? మూడోది చిన్నదని వదిలేయకండి. నాలుగుసార్లు ఊరికే మోగిన అలారం ఐదోసారి మోగినప్పుడు ఎవడూ లేవడు. నాన్నా పులి కథ మనం చదివిందే.

నేను ఎంఎల్‌కు వ్యతిరేకిని కాదు. నా రెజ్యుమెలో కూడా పైతాన్ ఉంది. 14 కిలోమీటర్ల పొడవునా ఏ చక్రం వేడెక్కుతోందో మనిషి ఒక్కడు రోజూ చూడలేడు, ఆప్టికల్ ఫైబరో థర్మల్ కెమెరానో చూడగలదు. కానీ ఆ యంత్రానికి నేర్పాల్సింది ఎవరు? ‘ఈ శబ్దం చెడ్డది, ఈ వేడి మామూలే’ అని పేరు పెట్టి ఇచ్చేది ఎవరు? పక్కన నిలబడి రోజూ చూసినవాడే. ఆ మనిషి చెప్పింది ఎక్కడా రాసి లేకపోతే మోడల్ నేర్చుకునేది ఏమీ ఉండదు.

కందెన వేయని బండి

మామూలు కన్వేయర్‌లో బెల్టు కింద రోలర్లుంటాయి. మోసే వైపు 1.2 మీటర్లకో సెట్టు, సెట్టుకు మూడు, తిరుగు వైపు 3 మీటర్లకొకటి చొప్పున లెక్కేస్తే ఒక్క కిలోమీటరుకే దాదాపు 2,800 రోలర్లు. వీటిలో ఒకటి బేరింగ్ పట్టేసి ఆగిపోయిందంటే బెల్టు దాన్ని గీస్తూ పోతుంది. కొన్నాళ్లకు రోలరు గొట్టం అరిగి చిల్లు పడి అంచు కత్తిలా తయారవుతుంది. అప్పుడు అది బెల్టును గీయడం మొదలుపెడుతుంది. వాన రోజుల్లో జిగురు మట్టి తిరుగు రోలర్లకు అంటుకుని గడ్డ కడితే బెల్టు ఓ పక్కకు లాగుతుంది, అంచులు ఫ్రేముకు ఒరుసుకుంటాయి.

ఇవేవీ చెప్పకుండా వచ్చే చుట్టాలు కావు. బేరింగ్ ముందు శబ్దం చేస్తుంది. తర్వాత వేడెక్కుతుంది. ఆ తర్వాతే పొగ. శబ్దం దశలో పట్టుకుంటే వారాల సమయం ఉండొచ్చు, వేడి దశలో రోజులు, పొగ దశలో నిమిషాలు. మెయింటెనెన్స్ ప్లానింగ్ అంతా ఈ వరసలోనే ఉంది. మొదటి గుర్తు కనపడ్డాక పూర్తిగా పాడవడానికి ఎంత సమయం పడుతుందో, అందులో సగం కన్నా తక్కువ రోజులకోసారి తనిఖీ జరగాలి. నెలకోసారి తిరిగేవాడికి రెండు వారాల్లో చచ్చే రోలరు ఎప్పటికీ దొరకదు, దొరికినా శవమే దొరుకుతుంది.

ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఒక ప్లాంట్‌లో ఫిట్టర్ ఒకాయన మమ్మల్ని కన్వేయర్ పక్కన నడిపించుకుంటూ తీసుకెళ్లారు. శ్రీకాకుళం వైపు మనిషి, రిటైర్‌మెంట్ దగ్గర్లో ఉన్నారు. మేం ఫోన్‌లో యాప్ పెట్టి డెసిబెల్స్ చూస్తుంటే నవ్వి, ‘ముందు చెవితో ఇను బాబూ, అదేటంటాదో. అంకె తర్వాత చూద్దువు గానీ’ అన్నారు. పాతిక అడుగులకోసారి ఆగి, చెవి పెట్టి, ఒక్కో స్టాండు మీద సుద్దముక్కతో గీత గీసి తారీఖు వేశారు. ఒక గీతంటే కనిపెట్టి ఉండాలి, రెండు గీతలంటే వచ్చే షట్‌డౌన్‌లో మార్చాలి. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని సామెత. మనవాళ్లు ఎద్దుబండి ఇరుసు దగ్గరే కండిషన్ మానిటరింగ్ కనిపెట్టేశారు, పేటెంట్ తీసుకోలేదంతే. రైల్వేలో కీమ్యాన్ సుత్తి, స్పానర్ పట్టుకుని రోజూ తన వంతు పట్టాల వెంట నడుస్తాడు చూడండి, అదీ ఇదే విద్య. మనం సెల్ఫీలు దిగే ఆ అరకు సొరంగాల్లోంచి ఎవరో ఒకరు నడుస్తూనే ఉంటారు.

ఆ సుద్దగీతల్లో ఒక్క లోపం ఉంది. వాన పడితే చెరిగిపోతాయి. ఆయన రిటైరైతే ఆ చెవి కూడా ఇంటికెళ్లిపోతుంది.

పార పట్టుకున్న మనిషి

బెల్టు దగ్గర ఎక్కువసేపు ఉండేది ఇంజినీరు కాదు, ఫిట్టరు కూడా కాదు. కింద ఒలికిన మట్టిని పారతో ఎత్తిపోసే కాంట్రాక్టు కూలీ. నిన్నటిదాకా ఇటువైపు ఒలికే మట్టి ఈరోజు అటువైపు ఒలుకుతోందంటే బెల్టు పక్కకు జరిగిందని అర్థం. రోజూ ఒక గంప ఎత్తేవాడు ఈరోజు మూడు గంపలు ఎత్తాడంటే స్కర్ట్ రబ్బరు పోయిందనో, చూట్ పూడిందనో అర్థం. అంత మంచి సెన్సర్ మార్కెట్లో దొరకదు. కానీ ఆ మూడు గంపల సంగతి ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కదు. రిజిస్టరు ఇంగ్లీషులో ఉంటుంది. అందులో చాలా రోజులు కనపడే మాట ‘ఓకే’. మన ఏజెన్సీ నుంచి కోరాపుట్ దాకా కొండల్లో కువి, దేశియా, ఒడియా, తెలుగు అన్నీ వినపడతాయి. చూసింది ఒక భాషలో, చెప్పింది ఇంకో భాషలో, రాసింది మూడో భాషలో. మధ్యలో సమాచారం బెల్టు మీది మట్టిలాగే ఒలికిపోతుంది.

ఇది తెలుగు సాహితీ క్లబ్బు పత్రిక కాబట్టి గట్టిగా అంటున్నాను: మెయింటెనెన్స్ అనేది భాష సమస్య కూడా. అరుగుడు, ఒరుపు, పర్రె, పిగులు, మెలి, కుదుపు, కీచు, గరగర... ఇన్ని తేడాలు చెప్పగల మాటలు మన దగ్గరుండగా ‘అబ్‌నార్మల్ నాయిస్’ అని ఒక్క గడిలో టిక్కు పెట్టించడం దేనికి? ఫోన్‌లో తన భాషలో పది సెకన్లు చెప్పి పంపగలిగితే చాలు. రాసేది, తర్జుమా చేసేది మనం చూసుకోవచ్చు. ఎంఎల్ చేయాలనుకునేవాళ్లకు అసలైన ప్రాజెక్టు ఇదే.

చెప్పడానికి మాటలుంటే సరిపోదు, చెప్పాక ఆగాలి. 1950 సెప్టెంబర్ 26న ఇంగ్లండ్‌లోని క్రెస్‌వెల్ బొగ్గుగనిలో, ఒక బెల్టు నుంచి ఇంకో బెల్టు మీదికి బొగ్గు పడే చోట, చిరిగిన బెల్టు రాపిడికి నిప్పంటుకుంది. 80 మంది చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ గనుల్లో మంటలంటుకోని బెల్టుల వాడకం పెరిగింది. 2006 జనవరిలో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో అరకోమా గనిలో పక్కకు జరిగిన బెల్టు ఒరుసుకుని మంటలొచ్చి ఇద్దరు చనిపోయారు. చిరగడం, పక్కకు జరగడం, ఒరుసుకోవడం. పైన నేను మామూలు అరుగుదల కింద చెప్పుకొచ్చినవే ఇవన్నీ. అరుగుదల ముదిరితే ప్రమాదం పేరు పెట్టుకుంటుంది.

మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 21వ సెక్షన్ కదిలే భాగాలకు కంచె కట్టమంది, 22వ సెక్షన్ తిరుగుతున్న యంత్రం దగ్గర ఎవరు పని చేయొచ్చో హద్దులు పెట్టింది. బెల్టు పొడవునా లాగితే ఆగిపోయే తాడు ఉంటుంది. కానీ తాడు ఉండటం వేరు, దాన్ని లాగినవాడికి తిట్లు పడకపోవడం వేరు. నిమిషానికి 30 టన్నులు పోయే బెల్టును రోజుకూలీ ఒకడు ఆపాడనుకోండి. చూస్తే ఏమీ లేదు. అప్పుడు అధికారి నోటి నుంచి వచ్చే మొదటి మాట ఏమిటన్నదాన్ని బట్టే ఆ ప్లాంట్‌లో ముందస్తు హెచ్చరికలు ఉంటాయో ఉండవో తేలిపోతుంది. ‘ఎవడ్రా ఆపింది?’ అంటే, మళ్లీ ఎవరూ ఆపరు. ‘ఏం కనిపించింది?’ అని అడిగితే, వంద సెన్సర్లు ఉచితంగా వచ్చినట్టే.

మన చేతిలో ఉన్నది

‘ఇవన్నీ ప్లాంట్ వాళ్లు చూసుకుంటారు, మనమేం చేస్తాం?’ అంటారేమో. మన దగ్గర ప్లాంట్లలో తేలిగ్గా దొరకనిది ఒకటుంది. ఆఫీసర్‌కు ట్రాన్స్‌ఫర్ వస్తుంది, కాంట్రాక్టర్ మారిపోతాడు, కాలేజీకి మాత్రం ఏటా కొత్త బ్యాచ్ వస్తూనే ఉంటుంది. బెల్టు అరగడానికి ఏళ్లు పడుతుంది. మన ప్రాజెక్టు ఒక్క సెమిస్టర్‌లో అయిపోతుంది. అందుకే మనం అరుగుదలను ఎప్పుడూ కొలవం, డౌన్‌లోడ్ చేసుకుంటాం. ప్రాజెక్టును బ్యాచ్ నుంచి బ్యాచ్‌కు అందిస్తే?

నా ప్రతిపాదన చిన్నదే. చుట్టుపక్కల స్టోన్ క్రషర్‌లోనో, షుగర్ ఫ్యాక్టరీలోనో, రైస్ మిల్లులోనో అనుమతి అడిగి ఒక్క బెల్టును దత్తత తీసుకుందాం. అది ఆగి ఉన్న రోజు, మోటారు స్విచ్‌కు తాళం పడ్డాక మాత్రమే, మూడు నెలలకోసారి, గుర్తు పెట్టిన అవే తొమ్మిది చోట్ల మందం కొలుద్దాం. ఆ మధ్యలో ఎన్ని టన్నులు పోయాయో అడిగి రాద్దాం. అక్కడ పనిచేసే వాళ్లతో అరగంట కూర్చుని వాళ్లు చూసింది వాళ్ల మాటల్లోనే రాద్దాం. ఒక నోటుపుస్తకం చాలు. ఫైనలియర్ వెళ్లిపోయేటప్పుడు థర్డియర్ చేతిలో పెట్టి వెళ్లాలి. నాలుగు బ్యాచ్‌లు తిరిగేసరికి ఒక బెల్టు జీవితచరిత్ర తయారవుతుంది. అప్పుడు మోడల్ కట్టండి, యాక్యురసీ 70 వచ్చినా నేను వచ్చి చప్పట్లు కొడతాను. ఎందుకంటే ఆ 70 మనది.

మా మెకానికల్ వాళ్లం ముగ్గురం ఇప్పటికే సిద్ధంగా ఉన్నాం. గేజ్ స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ ల్యాబ్ బీరువాలో ఉంది, సార్‌ని అడిగితే ఇస్తారు. సీఎస్‌ఈ నుంచి ఒకరు, తెలుగు బాగా రాసేవాళ్లు ఒకరు కావాలి. రెండోవాళ్లే ముందు కావాలి.